తలుపు గడియ పెట్టుకుని: ఇంట్లోనే బెల్లీ డ్యాన్స్ సాధన చేయాలనుకునే ఆడవాళ్ళకు

ముందు పొట్ట వదలండి. చదువుతూనే వదలండి, ఇక్కడ ఎవరూ చూడటం లేదు. చీర కట్టు బిగుతుగా ఉంటే కాస్త సడలించుకుని, బొడ్డు కింద అరచెయ్యి పెట్టి ఊపిరి తీసుకోండి. చెయ్యి ముందుకొచ్చిందా? చాలామందికి రాదు. పొట్ట లోపలికి బిగబట్టి, ఊపిరి పైపైన గుండెల్లోనే తీసుకోవడం మనకు ఓణీ వేసుకునే వయసులో అలవాటవుతుంది. మనవలు పుట్టినా పోదు. విజయనగరంలో మా మేడ మీద గదిలో నాతో సాధన చేసేవాళ్ళు ఐదుగురు. మొదటి రోజు నలుగురి చెయ్యి కదల్లేదు. వాళ్ళలో పెద్దావిడ అన్న మాట ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం: "ఓలమ్మా, పొట్ట వదిలెయ్యమంటావేటి పిల్లా? దాన్నే కదా ఇన్నాళ్ళూ కట్టిపెట్టుకున్నాను!"

నా సంగతీ అంతే. గర్భసంచి ఆపరేషన్ అయ్యాక కుట్లు విప్పారు, మాత్రలు రాశారు, బరువులెత్తొద్దని పంపేశారు. ఎన్నాళ్ళు ఎత్తకూడదో, ఆ తర్వాత పొట్టనీ నడుమునీ మళ్ళీ ఎలా వాడుకోవాలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏడాదిన్నర పాటు పక్కటెముకల నుంచి తొడల దాకా అదేదో పక్కింటివాళ్ళ సామాను అన్నట్టు మోశాను. తర్వాత విశాఖలో చుట్టాలింట్లో ఉన్న రోజుల్లో ఒకావిడ దగ్గర ఈ డ్యాన్స్ నేర్చుకున్నాను. సన్నబడదామని వెళ్ళాను, ఒక్క కిలో తగ్గలేదు. కానీ మూడో వారంలో ఒక రోజు, చాలా నెమ్మదిగా నడుము తిప్పుతుంటే, కుట్ల దగ్గర మొద్దుబారిన చోట చీమ పాకినట్టయింది. ఆ రోజు నుంచి ఇది మానలేదు.

ఇక్కడ రాస్తున్నది స్టేజీ ఎక్కడానికి కాదు, ఎవరికో చూపించడానికీ కాదు. రోజూ 20 నిమిషాలు, తలుపు గడియ పెట్టుకుని చేసుకునే సాధన.

ఇది ఎవరి డ్యాన్స్

అరబ్బీలో దీన్ని రక్స్ షర్కీ అంటారు, తూర్పు దేశాల నాట్యం అని అర్థం. ఈజిప్టులో పెళ్ళిళ్ళలో, ఇళ్ళల్లో మామూలు జనం ఆడేది రక్స్ బలదీ. బలదీ అంటే మన ఊరిది, మన మట్టిది అని. బెల్లీ డ్యాన్స్ అన్నది ఫ్రెంచివాళ్ళు 'పొట్ట నాట్యం' అని పెట్టిన పేరుకు ఇంగ్లీషు. 1893లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనతో అమెరికాలో ఈ డ్యాన్స్ గురించి గోల మొదలై, ఆ పేరు జనం నోట్లో పడింది. ఆ తర్వాత 1926లో బదియా మసాబ్నీ అనే ఆవిడ కైరోలో సొంత నాట్యశాల తెరిచింది. ఇంట్లో నిలబడ్డ చోటే ఆడే నాట్యాన్ని పెద్ద వేదికకు సరిపోయేలా, చేతుల విన్యాసాలు, అటూ ఇటూ తిరగడాలు చేర్చి మార్చింది. తాహియా కారియోకా, సామియా గమాల్ లాంటి పేరున్న నర్తకులు అక్కడి నుంచి పైకొచ్చిన వాళ్ళే. మనం సినిమాల్లో చూసే తళుకుల రెండు ముక్కల దుస్తులు కూడా ఆ కాలపు వేదికల నుంచి, సినిమాల నుంచి వచ్చినవే. బలదీ ఆడే పల్లెటూరి ఆడవాళ్ళు వేసుకునేది మెడ నుంచి పాదాల దాకా ఉండే వదులు అంగీ, తుంటి మీద ఒక గుడ్డ. ఆ అంగీని గల్లాబియా అంటారు. నేను మొదటిసారి ఫొటోలో చూసి, ఇది మన నైటీయే కదా అనుకున్నాను.

ఇంకో మాట. ఈ డ్యాన్స్ వేల ఏళ్ళ నాటి దేవతారాధన అనీ, తల్లి దేవత గుళ్ళలో పుట్టిందనీ చాలామంది చెబుతారు. వినడానికి బాగుంటుంది కానీ, అక్కడి నుంచి ఇక్కడి దాకా తెగకుండా వచ్చిందనడానికి గట్టి ఆధారాలు లేవు. మన ఒంట్లో కలిగే మార్పుకి పురాణం అతికించాల్సిన అవసరమూ లేదు.

నిజంగా ఉన్న ఆచారం ఒకటుంది. ఈజిప్టు, సుడాన్, ఇథియోపియాల్లో దాన్ని జార్ అంటారు. మనిషిని పట్టిన ఆత్మను శాంతింపజేయడానికి డప్పులు, పాటలు, ధూపం మధ్య ఎక్కువగా ఆడవాళ్ళే కూడి చేసుకునేది. అది బెల్లీ డ్యాన్స్ కాదు. కాకపోతే జార్‌లో మోగే అయూబ్ అనే దరువు ఈ డ్యాన్స్‌లోకీ వచ్చింది. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మా పైడితల్లి పండగే కళ్ళ ముందుకొచ్చింది. దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం సిరిమాను, ముందు రోజు తొలేళ్ళు. ఆ రాత్రి డప్పు దగ్గర జుట్టు విరబోసుకుని ఊగే ఆడవాళ్ళను మీరూ చూసే ఉంటారు. ఏడాదంతా నోరెత్తని మనిషి ఆ పూట నడివీధిలో ఊగుతుంది, ఇంట్లోవాళ్ళతో సహా అందరూ దణ్ణం పెడతారు. పూనకాన్ని నేను తక్కువ చేయను. అలాగని గదిలో పూనకం తెప్పించుకోమనీ చెప్పను. అక్కడ చుట్టూ ఊరుంటుంది, పడిపోతే పట్టుకునే చేతులుంటాయి. మన గదిలో ఉండేది మనమూ, ఒక ఫ్యానూ.

ఎవరు ఆగాలి, ఎవరు అడిగి మొదలుపెట్టాలి

ఇది దాటేసి ముందుకు వెళ్ళకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3 చిల్లర ఉంటే, మన రాష్ట్రంలో 8 దాటారు. అంటే ఇది చదువుతున్న వాళ్ళలో నాలాంటివాళ్ళు తక్కువేం ఉండరు. ఆపరేషన్ తర్వాత కనీసం 6 వారాలు ఊపిరి సాధన, నడక తప్ప ఏమీ వద్దు. పొట్ట కండరాలతో గట్టిగా చేసేవి డాక్టరు సరేనన్నాకే, అది మామూలుగా 3 నెలల దగ్గర పడుతుంది. సిజేరియన్‌కీ అంతే. అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఎముకలు త్వరగా పలచబడతాయి. అలాంటివాళ్ళకు నిలబడి చేసే ఇలాంటి కదలిక మంచిదే కానీ, మడమలు నేలకేసి కొట్టడం మాత్రం వద్దు.

కాన్పు తర్వాత పొట్ట మధ్యలో కండరాలు విడిపోయి ఉండొచ్చు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల కొంచెం పైకెత్తి, బొడ్డు పైనా కిందా వేళ్ళతో నొక్కి చూడండి. రెండు వేళ్ళకు మించి సందు తగిలితే ముందు ఫిజియోథెరపిస్టును కలవండి. చివర్లో చెప్పిన పొట్ట అల జోలికి అప్పుడే పోవద్దు. గర్భసంచి జారినవాళ్ళు, డిస్క్ జారినవాళ్ళు, గర్భిణులు కూడా అడిగే మొదలుపెట్టాలి. నెలసరిలో చేయొచ్చా అని అందరూ అడుగుతారు. ఒళ్ళు ఒప్పుకుంటే నెమ్మది కదలికలు చేయొచ్చు, ఒప్పుకోకపోతే పడుకోండి.

ఉద్దానం పక్క, అంటే కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఉన్నవాళ్ళకు ఒక మాట. వ్యాయామం అనగానే నీళ్ళు బాగా తాగమని అందరూ చెప్పేస్తారు. కిడ్నీ జబ్బుండి, రోజుకింతే నీళ్ళు అని డాక్టరు కొలత పెట్టినవాళ్ళకు ఆ సలహా పనికిరాదు. చెమట పట్టేంతగా ఎంతసేపు చేయొచ్చో, ఎంత తాగాలో డాక్టర్నే అడగండి.

గది, బట్టలు, వేళ

గదిలో చేతులు రెండు పక్కలా చాచి ఒక అడుగు ఇటూ అటూ వేయగలిగితే చాలు. నేల తడిగా ఉండకూడదు. గచ్చు మీద వట్టి కాళ్ళు మంచివి, టైల్స్ జారతాయి. అద్దం మొదటి రెండు వారాలు వద్దు. దాని మీద ఒక పాత దుప్పటి కప్పండి. అద్దం ఉంటే కళ్ళు పొట్ట ఎంతుందో చూస్తాయి, పొట్ట ఏం చేస్తోందో గమనించవు.

నైటీ చాలు, చుడీదార్ అయినా సరే. చున్నీని నడుముకి కాదు, దాని కిందగా తుంటి ఎముకల మీదుగా బిగించి, ముడి పక్కకి వేయండి. ఎక్కడ కదలాలో ఒంటికి ఆ చున్నీ గుర్తుచేస్తుంది. చిల్లర పూసలో, విరిగిన పట్టీల మువ్వలో ఉంటే చున్నీ అంచుకి కుట్టుకోండి, చప్పుడు వినడం కూడా పాఠమే. ఇంట్లో చప్పుడు బయటికి వినపడకూడదనుకుంటే మానెయ్యండి. నైటీ పొడుగ్గా ఉంటే మోకాళ్ళు కనబడేలా కొంచెం పైకి దోపుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

వేళ మీ ఇంటిని బట్టి. మాకు మధ్యాహ్నం 3 గంటలు కుదిరింది. అన్నాలయి, గిన్నెలు తోమి, పిల్లలు బడి నుంచి రాకముందు. తిన్నాక రెండు గంటలైనా ఆగాలి. మన తీరపు ఉక్కలో ఏప్రిల్, మే నెలల్లో ఆ టైమ్‌కి చేయకండి, తెల్లవారుజామున లేవండి.

నిలబడటం, ఊపిరి

మొదటి మూడు రోజులు ఇవే. విసుగొస్తుంది, రానివ్వండి.

వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి పొత్తికడుపు మీద. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు తీసుకోండి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. కింది చెయ్యి లేవాలి, పై చెయ్యి దాదాపు కదలకూడదు. ఊపిరి తీసుకునేటప్పుడు కింద, మూత్రం ఆపుకునే కండరాలు వదులవుతాయి, విడిచేటప్పుడు కాస్త పైకి లేస్తాయి. లాగి బిగించక్కర్లేదు, అవి లేవడం గమనిస్తే చాలు. దగ్గినా తుమ్మినా రెండు చుక్కలు పడే ఇబ్బంది చాలామంది ఎవరికీ చెప్పుకోరు. ఆ కండరాలకు వదలడం, లేవడం రెండూ తెలియాలి. మనకు బిగించడమే తెలుసు. మూడు నెలలైనా ఆ ఇబ్బంది తగ్గకపోతే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి.

ఇప్పుడు లేచి నిలబడండి. పాదాలు తుంటి వెడల్పులో, రెండూ తిన్నగా ముందుకి. మోకాళ్ళు బిగించకండి, మెత్తగా ఉంచండి. తోకెముకకు చిన్న రాయి వేలాడదీసినట్టు ఊహించుకుంటే నడుము వంపు దానంతట అదే సర్దుకుంటుంది. ఛాతీ పైకి, భుజాలు కిందికి.

కూచిపూడో భరతనాట్యమో నేర్చుకున్నవాళ్ళకు మొదట్లో ఇదే కష్టం. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు మాది. చిన్నప్పుడు గజ్జె కట్టినవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. అరమండిలో మోకాళ్ళు పక్కలకు విచ్చుకుంటాయి, మొండెం ఒకే ముక్కగా నిలబడుతుంది. ఇక్కడ పాదాలు తిన్నగా ఉంటాయి, మొండెం ముక్కలు ముక్కలుగా విడివిడిగా కదలాలి. తుంటి కదిలితే ఛాతీ ఊరుకోవాలి, ఛాతీ కదిలితే తుంటి ఊరుకోవాలి. పాత చదువు మర్చిపోనక్కర్లేదు, ఈ 20 నిమిషాలు పక్కన పెట్టండి.

కదలికలు, ఒక్కొక్కటిగా

వారానికి ఒకటే. రెండు నేర్చుకుంటే రెండూ సగమే వస్తాయి.

బిందె. చంకన బిందె ఎత్తుకున్నప్పుడు తుంటి పక్కకి వెళ్ళి ఆసరా ఇస్తుంది కదా, అదే. కుడి తుంటిని కుడి పక్కకి జరపండి, మధ్యకి తెచ్చి ఎడమ పక్కకి. నేలకు సమానంగా, గీత గీసినట్టు. తల, భుజాలు గోడకి మేకు కొట్టినట్టు ఉండాలి. వీపు గోడకి ఆనించి మొదలుపెడితే భుజాలు ఎక్కడ మోసం చేస్తున్నాయో తెలిసిపోతుంది.

రుబ్బురోలు. ముందుకి, కుడికి, వెనక్కి, ఎడమకి జరిపి నాలుగు మూలలూ కలిపితే చుట్టు అవుతుంది. వెనక్కి వెళ్ళేటప్పుడు నడుము వంచేయడం అందరూ చేసే తప్పు. నడుము కింది భాగం పట్టేస్తే చుట్టు చిన్నది చేయండి, అరచేతి వెడల్పు చాలు. ఒక వైపు పది, రెండో వైపు పది. ఒక వైపు సాఫీగా, రెండో వైపు గతుకుల రోడ్డులా ఉంటుంది. అందరికీ అంతే. బిడ్డను ఎప్పుడూ ఒకే చంకన ఎత్తుకున్నవాళ్ళకు తేడా బాగా తెలుస్తుంది.

మెలికల ముగ్గు. నాకు అన్నింటికన్నా ఇష్టమైనది, ఈ సాధనకు ప్రాణం కూడా ఇదే. పుస్తకాల్లో 8 అంకె అంటారు. మీ రెండు పాదాలు రెండు చుక్కలు అనుకోండి. తుంటి ఆ రెండు చుక్కల చుట్టూ మెలిక వేస్తుంది. కుడి తుంటిని ముందు మూలకి తీసుకెళ్ళి, పక్క నుంచి వెనక్కి తిప్పి, మధ్యలోంచి దాటించండి. అప్పుడు ఎడమ తుంటి ముందు మూలకి వస్తుంది. అక్కడి నుంచి అదే దారి. ముగ్గు గీసేటప్పుడు చెయ్యి ఎత్తం కదా, ఇక్కడా గీత తెగకూడదు. మొదట్లో మూలమూలకీ ఆగుతుంది. వారం రోజులకి ఆగడం తగ్గుతుంది. ఒక మెలికకి ఒక ఊపిరి పట్టేంత నెమ్మదిగా చేయగలిగారంటే, ఇక మీద వచ్చేవన్నీ తేలికే.

తుంటి దించడం. ఎడమ కాలి మీద బరువు వేసి, కుడి పాదం అడుగు ముందు మునివేళ్ళ మీద పెట్టండి. కుడి తుంటి పైకెత్తి, వదిలెయ్యండి. కిందికి తొయ్యకూడదు, చేతిలో చెంబు జారినట్టు పడాలి.

వణుకు. షిమ్మీ అంటారు. మోకాళ్ళు ఒకటి మార్చి ఒకటి చిన్నగా వంగుతూ, తిన్నగా అవుతూ ఉంటే, తుంటి దానంతట అది ఊగుతుంది. చేటలో బియ్యం చెరిగేటప్పుడు కదిలించేది చేటనే, గింజలు వాటంతట అవే ఎగురుతాయి. ఇక్కడ చేట మోకాళ్ళు, గింజలు మన కండ. పొట్ట, తొడలు, పిరుదులు ఊగుతాయి, ఊగాలి. ఇన్నాళ్ళూ ఊగకుండా దాచుకున్నవే ఇవి. నైటీ పైకి దోపుకోమన్నది ఇందుకే: మోకాళ్ళు వెనక్కి లాక్ అవుతున్నాయో లేదో కంటితో చూసుకోవాలి. నేను ఉత్సాహంలో బిగించిన మోకాళ్ళతో పది రోజులు చేసి, ఆ పైన రెండు వారాలు మేడ మెట్లు పట్టుకుని దిగాను. మొదట సెకనుకి ఒకటి, 30 సెకన్లు చేసి ఆపండి. వేగం నెల తర్వాత చూసుకోవచ్చు.

అల. కుర్చీ అంచున కూర్చుని ఛాతీని ముందుకి, పైకి, వెనక్కి, కిందికి తిప్పండి. బాగా వచ్చాక లేచి నిలబడి, ఆ అలను పొట్టలోకి, అక్కడి నుంచి కటి దాకా దిగనివ్వండి. కళింగపట్నంలోనో చింతపల్లి బీచ్‌లోనో ఒడ్డున కూర్చుని ఒక్క అలను మొదటి నుంచి చివరి దాకా చూడండి. లేచిన చోటే విరగదు, ఒళ్ళంతా సాగి సాగి వస్తుంది. ఒట్టి పొట్టతో వేసే అల, అంటే పై పొట్ట, కింది పొట్ట విడివిడిగా లోపలికీ బయటికీ కదిలించడం, అన్నింటికన్నా చివర నేర్చుకోవాల్సింది. జనం బెల్లీ డ్యాన్స్ అంటే అదే అనుకుంటారు కానీ, అది రాకపోయినా ఈ సాధనకు లోటేమీ లేదు.

చేతుల గురించి పెద్దగా చెప్పను. మోచేతులు వేలాడకుండా, నీళ్ళలో ఉన్నట్టు ఉంచండి. వేళ్ళకు తొడిగే చిన్న తాళాలను సగాత్ అంటారు, మన భజన తాళాలకు చెల్లెళ్ళు. వాటికి తొందర లేదు.

దరువు

పాటకంటే ముందు దరువు పట్టుకోండి. అక్కడి దర్బుకా అనే వాయిద్యం మీద మధ్యలో కొడితే దుమ్, అంచున కొడితే తక్. వంటింట్లో స్టీలు పళ్ళెం బోర్లించి వేళ్ళతో వాయించినా ఈ తేడా తెలుస్తుంది. ఎనిమిది అంకెలు లెక్కపెడుతూ, గీత ఉన్నచోట ఊరుకుంటూ నోటితో అనండి.

మక్సూమ్: దుమ్ తక్ – తక్ దుమ్ – తక్ –
బలదీ: దుమ్ దుమ్ – తక్ దుమ్ – తక్ –
సయీదీ: దుమ్ తక్ – దుమ్ దుమ్ – తక్ –
అయూబ్: దుమ్ – – తక్ దుమ్ – తక్ –

తుంటి దించడం దుమ్ మీద పడాలి. మెలికల ముగ్గుకు దరువు అక్కర్లేదు, సన్నాయో వేణువో సాగదీసిన ఒక్క స్వరం చాలు. మొదటిసారి మేం తప్పెటగుళ్ళ రికార్డింగు పెట్టుకుని వణుకు చేశాం. గుండెల మీద రేకు తప్పెట మోగిస్తూ ఎగిరే ఆ దరువుకి మోకాళ్ళు వాటంతట అవే కదిలాయి. అరబ్బీ పాటే పెట్టాలన్న నియమం ఎవరు పెట్టారు? ఆ నాట్యం పుట్టిన చోటేదో మరవకుండా ఉంటే చాలు.

సాధనగా ఎలా మారుతుంది

ఇంతవరకూ చెప్పింది వ్యాయామం. ఆ కదలికలే సాధన కావాలంటే మూడు నాలుగు మార్పులు కావాలి, అవి పైకి కనపడేవి కావు.

గడియ పెట్టాక చున్నీ కట్టుకోవడమే సంకల్పం అనుకోండి. 'నా పొట్ట తగ్గాలి' అని మాత్రం అనుకోకండి, అది మళ్ళీ పొట్టతో పోట్లాటే. ఆ పూటకి ఒక్క మాట చాలు: 'ఇవాళ ఎడమ పక్క ఏమంటుందో చూస్తాను' లాంటిది. మాలో ఒకావిడ పైడితల్లిని తలుచుకుంటుంది, ఒకావిడ బైబిల్లో వాక్యం ఒకటి మనసులో చెప్పుకుంటుంది, నేను ఏదీ తలుచుకోను. ముగ్గురం అదే మెలిక వేస్తాం.

మూడు నిమిషాలు ఊపిరి. ఐదు నిమిషాలు మెడ, భుజాలు, నడుము మెత్తబడేలా బిందె, రుబ్బురోలు. తర్వాత ఐదు నిమిషాలు ఒకే కదలిక, ఒకే వేగం, సగం మూసిన కళ్ళతో, రెండు మూడు గజాల దూరంలో నేల మీద చూపు నిలిపి. మనసు పక్కకి పోతుంది: గ్యాస్ కట్టానా, కరెంటు బిల్లు, పాప ఫీజు. పోయిందని తెలిసిన చోట ఆగి తిట్టుకోకండి, తుంటి ఏ మూల ఉందో చూసుకుని అక్కడి నుంచి కొనసాగించండి. ఆ చూసుకోవడమే ధ్యానం. కూర్చుంటే కుదరని ధ్యానం మాలో ఇద్దరికి ఇలా కుదిరింది.

ఆ తర్వాత మూడు నిమిషాలు ఒంటిని దాని ఇష్టానికి వదిలెయ్యండి, ఏ కదలికా తలుచుకోకుండా. చివరికి ఒక్కసారిగా ఆగండి, నిలబడిపోండి. రెండు చేతులూ పొత్తికడుపు మీద. పైపైన అంతా ఆగినా లోపల ఇంకా తిరుగుతున్నట్టు ఉంటుంది. అది సద్దుమణిగే దాకా నాలుగు నిమిషాలు వినండి. ఈ ఆగడాన్ని ఎగ్గొట్టకండి. నాకు తెలిసి మొత్తం 20 నిమిషాల పంట ఇక్కడే చేతికొస్తుంది.

కుట్ల మచ్చ ఉన్నవాళ్ళు, అది పూర్తిగా మానాక, స్నానానికి ముందు కొబ్బరినూనెతో రెండు నిమిషాలు గుండ్రంగా మెత్తగా రాయండి. మాలో ఒకావిడ తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి తన మచ్చను చేత్తో ముట్టుకుంది. ఆ రోజు డ్యాన్స్ చేయలేదు.

ఏడుపు వస్తుంది. కారణం తెలియకుండానే వస్తుంది, ముఖ్యంగా నెమ్మదిగా చేసే రోజుల్లో. కటి ప్రాంతం ఏళ్ళ తరబడి బిగించి ఉంచినది కదా, ఊపిరి లోతుగా దిగితే మనసు కూడా సడలుతుంది. కూర్చుని ఏడవండి, ముఖం కడుక్కోండి, రేపు చేద్దురు గాని. కానీ గుండె దడ, భయం, ఎప్పుడో ఒంటి మీద జరిగిన అన్యాయం మళ్ళీ జరుగుతున్నట్టు అనిపిస్తే ఆపేయండి. కళ్ళు తెరిచి, పాదాలు నేలకి గట్టిగా ఆనించి, గదిలో ఉన్న ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి. అలాంటివి మళ్ళీ మళ్ళీ వస్తున్నా, రోజుల తరబడి దిగులు వదలకపోయినా 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైను, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. డ్యాన్స్ మందులకు బదులు కాదు. రక్తస్రావం, గడ్డలు, విడవని నొప్పి లాంటివి ఈ సాధనతో పోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

నలుగురు కూడితే

ఒంటరిగా నెల చేశాక ఒకరిద్దర్ని కలుపుకోండి. మా గదిలో నియమాలు తక్కువే. ఫోన్లన్నీ మెట్ల దగ్గర బుట్టలో, వీడియో మాట ఎత్తకూడదు. ఒకరి ఒంటి గురించి ఇంకొకరు, మెచ్చుకోలుగా కూడా, ఏమీ అనకూడదు. 'సన్నబడ్డావే' అన్నా తప్పే, ఎందుకంటే మర్నాటి నుంచి ఆవిడ మళ్ళీ పొట్ట బిగబడుతుంది. గుండ్రంగా నిలబడి చేస్తాం, ముందూ వెనకా అనే వరస లేదు.

అరబ్బు పెళ్ళిళ్ళలో ఎవరైనా బాగా ఆడితే ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ సన్నటి కేక వేస్తారు, జగరీత్ అని. మాకు రాలేదు. మాలో ఒకావిడ పుట్టిల్లు ఇచ్ఛాపురం, చిన్నప్పటి నుంచి ఒడియా పెళ్ళిళ్ళు చూసిన మనిషి. "ఇదేటప్పా, మా పక్క హుళహుళి ఇలాటిదే కదా" అని నాలుక ఆడించి ఒక్కటి వేసింది. కింద వాటాలో కుక్క మొరిగింది. ఇప్పుడు ఎవరికి మెలిక తెగకుండా వచ్చినా హుళహుళే.

ఇంట్లో ఏం చెప్పాలి అన్నది మీ ఇంటిని బట్టి. నేను 'నడుము వ్యాయామం' అని చెప్పాను, అబద్ధం కాదు. ఒకావిడ కోడలికి ఉన్నదున్నట్టు చెప్పింది. కోడలు నవ్వి, చున్నీకి మువ్వలు తనే కుట్టి పెట్టింది. ఇంకొకావిడ ఇప్పటికీ గుడికి వెళ్తున్నానని చెప్పి వస్తుంది. తిరిగి వెళ్ళేటప్పుడు దారిలో నిజంగానే గుడి ముందు ఆగి దణ్ణం పెట్టుకుని పోతుంది.

మొదటి రోజుకి ఇంతే పెట్టుకోండి: గడియ, చున్నీ, పది నిమిషాలు పడుకుని ఊపిరి, కాసేపు పైన చెప్పినట్టు నిలబడటం. అయ్యాక చున్నీ విప్పి మడత పెట్టి, చీరల బీరువాలో కాకుండా రోజూ చేతికి తగిలే చోట, తువ్వాలు పక్కన తగిలించండి.